ల్యాంపు రూమువాడి చేతిలో పగడాలు

ల్యాంపు రూములో ముప్పై ఏళ్లు పని చేసినవాడికి ఒక జబ్బు అంటుకుంటుంది. ఎక్కడ వెలుగు తగ్గినా ఊరుకోలేడు. పెళ్లికి పోతే అందరూ పెళ్లికూతురి నగలు చూస్తుంటే వాడు పందిట్లో మినుకుమినుకుమనే బల్బును చూస్తుంటాడు. మా ఇంట్లో వాకిలి బల్బు నేను మార్చినన్ని సార్లు ఈ గోదావరిఖనిలో ఇంకెవరూ మార్చి ఉండరు. మా ఆవిడ దీనికి "డ్యూటీ దిగని రోగం" అని పేరు పెట్టింది.

ఆ రోగంతో నేను ఒకరి ఇంట్లో చేసిన పని గురించి ఇది. బొగ్గు గనిలో, మా మాటలో బాయి మీద, కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి "కాకా, మీ కాలం ముచ్చట్లు చెప్పు" అని అడుగుతుంటారు. వాళ్లకు కప్పు కూలిన కథలు కావాలి, నీళ్లు చొచ్చుకొచ్చిన కథలు కావాలి. అవి చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. నేను చెప్పగలిగింది ఒక గాజు తొట్టి కథ. ఆ తొట్టి ఇప్పుడు మా ముందు గదిలోనే ఉంది. ఇది రాస్తుంటే ఎదురుగా కనబడుతోంది, అందుకే కాబోలు కలం సరిగా నడవడం లేదు.

ల్యాంపు రూము తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. బొగ్గు బాయిలో దిగే ప్రతి మనిషీ ముందు మా కిటికీ దగ్గరికి వస్తాడు. ఇత్తడి బిళ్ళ ఇచ్చి, టోపీకి పెట్టుకునే ల్యాంపు తీసుకుంటాడు. పైకి వచ్చాక ల్యాంపు ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. అంతే పని. చూడ్డానికి సినిమా హాలు ముందు సైకిల్ స్టాండులాగే ఉంటుంది. కాకపోతే ఇక్కడ ఇచ్చే వెలుగు లోపల చీకట్లో ఆ మనిషికి కన్ను.

నేను చేరిన కొత్తలో ఇంకా పాత బ్యాటరీ ల్యాంపులే. బరువుగా ఉండి నడుము కోసేవి, కొన్ని షిఫ్టు మొత్తం వచ్చేవి కావు. ఒకరోజు అట్లాంటి ల్యాంపు ఒకటి, సరిగా చార్జి కాలేదని తెలిసి కూడా, లైను పొడుగ్గా ఉందని ఒక మనిషికి ఇచ్చేశాను. ఐదు గంటల తర్వాత అతను ఇంకొకరి భుజం పట్టుకుని గుడ్డివాడిలా నడిచి పైకి వచ్చాడు. నాకు పని నేర్పిన పెద్ద ల్యాంపుమన్ నన్ను అందరి ముందూ తిట్టలేదు. షిఫ్టు అయిపోయాక పక్కకు పిలిచి చెప్పాడు.

"మసక ల్యాంపు ఇచ్చుడు ఒక తప్పు. ఎర్కుండి చెప్పకపోవుడు ఇంకో తప్పు, అది పెద్దది. ఎన్ని గంటలు వస్తదో కిటికీ కాడనే చెప్పాలె. లోపటికి పోయినంక వానికి ఎవడు చెప్తడు?"

ఆ మాట నాకు ఎంతగా పట్టిందంటే, తర్వాత మంచి ల్యాంపులు ఇచ్చేటప్పుడు కూడా చెప్పడం అలవాటైంది. ఎల్ఈడీ ల్యాంపులు వచ్చాక ఇక ఆ అవసరమే లేదు, అన్నీ షిఫ్టు దాటి వస్తాయి. అయినా నా నోరు ఆగేది కాదు. "ఇది పన్నెండు గంటలు", "ఇది పదకొండు". మనుషులు నవ్వుకుంటూ పోయేవాళ్లు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా బాయి మీద ఒక ఎలక్ట్రీషియన్ ఉండేవాడు, నాకంటే ఐదారేళ్లు చిన్న. మాటలు తక్కువ, చేతి పని ఎక్కువ. అతని భార్య ఒక బడిలో సైన్సు టీచరు. రెండు తరాలుగా గనుల మీదే బతికిన క్రైస్తవ కుటుంబాలు ఇద్దరివీ. ఆమెది బెల్లంపల్లి. అతను నన్ను అన్నా అనేవాడు, ఆమె కూడా అన్నా అనేది, నేను ఆమెను చెల్లె అనేవాణ్ణి. ఆ లెక్కన అతను నాకు బావ కావాలి. బాయి మీద వరసలు ఎవరు లెక్క పెడతారు? వాళ్లకు పిల్లల్లేరు. ఆ సంగతి ఇంతకంటే రాయను.

ఆమె ఏటేటా ఒక పాఠంలో పగడాల గురించి చెప్పేది. పగడం రాయి కాదు, చెట్టు కాదు, జంతువు అని చెప్పేది. ఒక ఏడు ఒక పిల్ల లేచి, "నువ్వు చూసినవా టీచర్?" అని అడిగిందట. చూడలేదు. సముద్రమే ఆమె జన్మలో ఒక్కసారి చూసింది, అదీ పెళ్లయిన కొత్తలో ఒక్క పూట. ఆ ప్రశ్న ఆమెను నిలవనియ్యలేదు. రెండేళ్లు చదివింది, ఎవరెవరికో ఫోన్లు చేసింది. చివరికి తమ క్వార్టర్ ముందు గదిలో నాలుగడుగుల గాజు తొట్టి పెట్టించి, అందులో సముద్రం తయారు చేసింది.

మన సముద్రంలోంచి పగడం పెరికి తేవడం నేరం. ఇవి అట్లాంటివి కావని, హైదరాబాదులో ఒకాయన తన తొట్టెల్లో పెంచి ముక్కలు చేసి ఇచ్చిన మెత్తటి రకాలని ఆమె నాకు మొదటి రోజే చెప్పింది, నేనేదో ఫారెస్టు ఆఫీసర్నన్నట్టు. కొన్ని చొక్కా గుండీల్లా గుంపుగా ఉండేవి, ఒక్కో గుండీ చుట్టూ కుచ్చు. ఒకటి చిన్న చెట్టులా నిలబడి నీళ్లలో ఊగేది. నేను వాటిని పూలు అనేవాణ్ణి. "పూలు కావన్నా, జంతువులు" అని ఆమె ప్రతిసారీ దిద్దేది. నేను ప్రతిసారీ మళ్లీ పూలు అనేవాణ్ణి.

మా ఊరి ఎండ సంగతి తెలిసిందే. ఏప్రిల్ వస్తే మనుషులమే ఉడికిపోతాం. ఆ జీవాలకేమో నీళ్లు గోరువెచ్చన కూడా దాటకూడదు. వాళ్లిద్దరూ ఆ గదికి కూలరు పెట్టి, నీళ్ల మీద చిన్న ఫ్యాను తిప్పి, మరీ ముదిరితే గడ్డ కట్టిన నీళ్ల సీసాలు తొట్టిలో తేలేసి రెండు ఎండాకాలాలు గట్టెక్కించారు. తాము పడుకునే గదికి మాత్రం ఉత్త ఫ్యానే.

మొదట ట్యూబులైట్లే ఉండేవి. వాటి కింద ప్రాణాలతో ఉన్నాయి గానీ రంగు లేదు, పెరుగుదల లేదు. అప్పుడు ఎలక్ట్రీషియన్ నన్ను పిలిచాడు. ల్యాంపు రూములో ఎల్ఈడీలతో అప్పటికి నాకు బాగా చనువు. ఆదివారం వాళ్లు చర్చి నుంచి వచ్చాక కూర్చునేవాళ్లం. కంపెనీ సామాను ఒక్క స్క్రూ కూడా ముట్టలేదు, అన్నీ బయట కొన్నవే. పొడవాటి అల్యూమినియం పట్టీ మీద నీలం చిప్పులు, తెల్ల చిప్పులు వరసగా అతికించాం. వేడి లాగేయడానికి వెనక ఫ్యాన్లు పెట్టాం. నీలానికి ఒక మర, తెలుపుకు ఒక మర. మర చుట్టూ సున్నా నుంచి వంద దాకా అతనే స్కెచ్‌పెన్నుతో అంకెలు వేశాడు.

"గిన్ని నీలం ఎందుకు చెల్లె? దవాఖాన లెక్కున్నది" అన్నాను.

"సముద్రంల లోపలికి పోయేది నీలమే అన్నా. ఎరుపు పైపైనే ఆగిపోతది" అంది. "పగడం ఒంట్ల కంటికి కనబడని పాచి ఉంటది. కిరాయిదార్లనుకో. కిరాయి పైసలియ్యరు, ఓనర్‌కు వండిపెడ్తరు. వాళ్ల పొయ్యి వెలుగుతోనే మండుతది."

కిరాయిదార్ల సంగతి నాకు నచ్చింది. బాయి మీద పది మందికి చెప్పాను. అందులో అర్థమైంది ఎంతో తర్వాత తెలిసింది.

కొత్త లైటు బిగించిన పది రోజులకే ఆమెకు కడుపులో నొప్పి ఎక్కువైంది. అంతకుముందు నుంచే ఉందట, గ్యాసనుకుని మింగుతూ వచ్చింది. ఏరియా దవాఖానలో చూసి హైదరాబాదుకు పంపారు. అక్కడ ఆపరేషన్ అన్నారు. పోయే ముందురోజు నన్ను పిలిచి తొట్టి అప్పజెప్పింది. నీళ్లు ఆవిరై తగ్గితే ఫిల్టరు నీళ్లు గీత దాకా పోయాలి. రెండు చేపలకు చిటికెడు మేత. అద్దం తుడవాలి.

"లైటును మాత్రం ముట్టకన్నా. ముప్పై మీద పెట్టిన. కొత్త లైటు గద, నేనొచ్చి మెల్లమెల్లగ పెంచుత."

నేను తల ఊపాను. ల్యాంపు రూమువాడికి లైటు సంగతి టీచరమ్మ చెప్పడమేమిటని లోపల అనుకున్నాను కూడా.

మొదటి షిఫ్టు దిగి మధ్యాహ్నం మూడింటికి వాళ్ల క్వార్టర్‌కు పోయేవాణ్ణి. తలుపు తీస్తే మసక నీలం. గుండీలు సగం ముడుచుకుని ఉండేవి. ఒకరోజు చూశాను, రెండు రోజులు చూశాను. మూడో రోజు నా రోగం లేచింది. ముప్పై! మా దగ్గర ముప్పైకి పడిపోయిన ల్యాంపును తీసి పక్కన పెడతాం, మనిషికివ్వం. వీళ్లు భయస్తులు, తాము చేసిన లైటు ఎంత ఇవ్వగలదో వీళ్లకే తెలియదు, పాపం ఆ జీవాలు చీకట్లో ఆకలికి మాడుతున్నాయి అనుకున్నాను. రెండు మరలూ వంద దాకా తిప్పాను.

గది మిట్టమధ్యాహ్నమైంది. నీళ్లలో ఆకుపచ్చ అంటే ఏమిటో అప్పుడు చూశాను. చేతులు కట్టుకుని అరగంట నిలబడ్డాను. ఫోను చేసి మా ఆవిణ్ణి పిలిపించి మరీ చూపించాను. "మంచిగుంది గానీ, ముట్టొద్దన్నది గద ఆమె" అంది మా ఆవిడ. ఆడవాళ్లకేం తెలుసు అన్నాను. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

మర్నాడు గుండీలన్నీ బిగుసుకుపోయాయి. చాలలేదేమో అనుకుని టైమరు ఎనిమిది గంటల నుంచి పన్నెండు చేశాను. ఇదీ నా తెలివి. రెండు రోజులకు ఆకుపచ్చ పాలిపోయింది. ఇంకో రెండు రోజులకు తొట్టిలో సగం తెల్లబడింది, ఆరిన సున్నం రంగు. చెట్టులాంటిది వంగి రాయి మీద పడుకుంది. అప్పుడు మళ్లీ ముప్పైకి తిప్పాను. అప్పటికి చేయవలసిన పాపమంతా చేసి ఉన్నాను.

ఎలక్ట్రీషియన్ రోజూ సాయంత్రం దవాఖాన నుంచి ఫోను చేసేవాడు.

"ఎట్లున్నయన్నా? ఆమె అడుగుతాంది."

"మంచిగున్నయని చెప్పు."

పదమూడో రోజు వాళ్లు వచ్చారు. ఆమెను పట్టుకుని లోపల కుర్చీలో కూర్చోబెట్టి, అతను నన్ను బయట జామచెట్టు దగ్గరికి తీసుకుపోయాడు. నేను తొట్టి గురించి ఎట్లా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. అతను ముందు చెప్పాడు.

"కోసిన్రు, మళ్ల కుట్టేసిన్రన్నా. తీసేటందుకు ఏం లేదట. అంతటా పాకిందట. రెండు నెలలు, మస్తంటే మూడు."

అతని కళ్లల్లో నీళ్లు కూడా లేవు, హైదరాబాదులోనే అయిపోయినట్టున్నాయి.

"ఆమెకు చెప్పలే. ఒక్కసారే చెప్తే తట్టుకోదు. మెల్లగ చెప్దామనుకుంటున్న. నువ్వు కూడ ఏమనకన్నా."

లోపలికి వచ్చేసరికి ఆమె తొట్టి చూస్తోంది. మొహం చిక్కిపోయి కళ్లే పెద్దవయ్యాయి. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా వైపు తిరగకుండానే అడిగింది.

"ఎంత పెట్టినవన్నా?"

"నిండుగ" అన్నాను.

ఆమె నవ్వింది. కుట్లు లాగుతుంటే కడుపు మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. "లైటు ముట్టకని ల్యాంపు రూమోనికి చెప్పుడు, నాదే తప్పు" అంది.

ఆ నవ్వు బదులు రెండు దెబ్బలు కొట్టి ఉంటే బాగుండేది. తప్పైంది చెల్లె, అన్నీ చంపేసిన అన్నాను.

"అన్ని సావలే. కొన్ని తెల్లబడ్డయ్, అంతే. వెలుగు ఒక్కసారే ఎక్కువైతే ఓనర్‌కు తట్టుకోరాదు, కిరాయిదార్లను ఎల్లగొడ్తది. ఇల్లు ఇంకా నిలబడ్డది చూడు. శానా తక్కువ పెట్టి, మెల్లమెల్లగ పెంచుకుంట పోతే కొందరు మళ్ల వస్తరు." కుర్చీలోంచి చెయ్యి చాచి మరలు పదిహేను మీద పెట్టించింది. "వెలుగైనా సరే, అలవాటు చేసుకుంట ఇయ్యాలన్నా."

ఆ తర్వాత భర్తను మందుల కోసం దవాఖానకు పంపింది. అతని బండి చప్పుడు మలుపు దాటేదాకా ఆగింది. ఇన్నేళ్లలో నేను లెక్కలేనన్ని సార్లు తిరిగి చూసుకున్నది ఆ పది నిమిషాలనే.

"అన్నా, ఆయన నా మొఖం చూస్తలేడు. దవాఖానల సిస్టర్లు ఊకె నవ్విన్రు. నాకు తెలుస్తలేదా? నువ్వు చెప్పు. నాకు ఒక్క పని ఉన్నది. దానికి టైం ఉన్నదా లేదా, గంతే అడుగుతున్న."

నేను తొట్టి వైపు చూశాను. తెల్లటి గుండీలు కనబడ్డాయి. నిండుగా ఇచ్చి నేను చేసిన పని ఎదురుగానే ఉంది. అలవాటు చేస్తూ ఇవ్వాలని ఇప్పుడే కదా ఈమే చెప్పింది, అతనూ అదే అన్నాడు కదా అనుకున్నాను. జీవితంలో మొదటిసారి నేను మాటకు మర తగ్గించాను.

"శానా టైం ఉన్నది చెల్లె. కుట్లు ఆరనీ. ఏం ఫికర్ చెయ్యకు."

ఆమె నా మొహంలోకి చూసింది, కిటికీ దగ్గర మనుషులు ల్యాంపు వెలిగించి చూసుకున్నట్టు. తర్వాత "అయితే సరే" అంది. ఆ పని ఏమిటని నేను అడగలేదు. అడిగితే ఇంకో అబద్ధం ఆడవలసి వస్తుందని భయం.

ఆ తర్వాత ప్రతి ఆదివారం నేను పోయేవాణ్ణి. చర్చికి పోయే ఓపిక ఆమెకు లేదు, పాస్టరు ఇంటికి వచ్చి ప్రార్థన చేసి పోయేవాడు. అతను పోయాక మేం ముగ్గురం తొట్టి ముందు కూర్చుని మర రెండంకెలు పెంచేవాళ్లం. పదిహేను, పదిహేడు, పంతొమ్మిది. ఆమె నోటుబుక్కులో రాసుకునేది. చెట్టులాంటిది కరిగిపోయింది, దాన్ని తీసేశాం. గుండీల్లో చాలా పోయాయి. నాలుగో ఆదివారం ఒక తెల్ల గుండీ అంచున గోధుమరంగు చుక్క కనబడింది. భూతద్దం పెట్టి చూసి ఆమె పిల్లలా చప్పట్లు కొట్టింది. "ఒక కిరాయిదారు వచ్చిండన్నా!"

ఆ సంతోషంలోనే చెప్పింది.

"బెల్లంపల్లిల మా అక్క ఉన్నది. తొమ్మిదేండ్లయితాంది మాట్లాడక. మా అమ్మ పోయిన్నాడు, నువ్వు చూసుకోకనే సచ్చిపోయిందని అందరి ముందట అన్న. అది అమ్మకు ఎంత చేసిందో నాకెర్కే, అయినా అన్న. ఆ మాట ఎనుకకు తీసుకోవాలె." కొంచెం ఆగి ఊపిరి తీసుకుంది. "గిట్ల బొక్కలు తేలి పోతే, జాలి కోసం వచ్చిందనుకుంటది. జర కండ పట్టనీ. ఎండాకాలం సెలవులల్ల పోత. టైం ఉన్నది గద."

వంటింట్లో అతను గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. విన్నాడన్న మాట. నేను అప్పుడైనా చెప్పవలసింది. రామగుండంలో రైలెక్కితే బెల్లంపల్లి గంట ప్రయాణం. ఆ రోజే కారు మాట్లాడి తీసుకుపోవచ్చు, కాదంటే వాళ్ల అక్కకు ఒక్క ఫోను చేయవచ్చు. నేను నోరు తెరిచి ఏమన్నానో తెలుసా?

"పోదాం చెల్లె. నేను గూడ వస్త."

బయటికి వచ్చాక అతనితో గొడవ పడ్డాను. చెప్పు, ఆమెకు పని ఉన్నది, చెప్పు అన్నాను. "ఇయ్యాల గంత సంబురంగున్నదన్నా, ఇయ్యాలనా? వచ్చే ఐతారం చెప్త" అన్నాడు. అతన్ని తప్పు పట్టలేను. అతను భర్త, అతనికి రోజూ ఆమె మొహం చూడాలి. అడిగింది నన్ను. తర్వాతి ఆదివారం ఇరవై మూడు చేశాం. ఆ పై ఆదివారం ఇరవై ఐదు. వెలుగు పెరుగుతూ పోయింది, ఆ మాట మాత్రం ఉన్నచోటనే ఉంది.

ఇరవై ఏడుకు పోలేదు. బడులకు సెలవులు ఇంకా ఇవ్వలేదు. గురువారం మొదటి షిఫ్టులో నేను కిటికీ దగ్గర ఉండగా ఫోను మోగింది. అతనిదే, ఊపిరి మాత్రమే వినిపించింది. అర్థమై, పక్క మనిషికి కిటికీ అప్పజెప్పి పోయాను. అప్పటికే అయిపోయింది.

వాళ్ల అక్కకు అప్పుడు ఫోను చేశాడు అతను. తొమ్మిదేళ్లుగా చెయ్యని ఫోను. మర్నాడు పొద్దున ఆమె బస్సు దిగి ఒంటరిగా నడుచుకుంటూ వచ్చింది. అరవై దాటిన మనిషి. పెట్టె మూసేముందు చెల్లెలి తల నిమిరింది, జుట్టు సరిచేసింది. ఏడుపు ఎవరికీ వినపడలేదు. సమాధుల దగ్గర ప్రార్థనలో అందరితో పాటు గొంతు కలిపింది. బయట ఎండ మండిపోతోంది. తిరిగి వచ్చాక అందరూ వాకిట్లో టెంటు కింద కూర్చుంటే, ఆమె లోపలికి వచ్చి తొట్టి ముందు కుర్చీలో, చెల్లెలు కూర్చునే కుర్చీలోనే, కూర్చుంది. నీళ్లు తగ్గాయేమో చూద్దామని నేను లోపలికి పోయాను. కూలరు తిరుగుతోంది. లైటు దాని వేళకు అది వెలిగి ఉంది.

"ఇదేంది తమ్మీ?"

"పగడాలక్కా. చెల్లె పెంచింది."

"బతికున్నయా?"

"కొన్ని ఉన్నయ్."

ఆమె ముందుకు వంగి గుండీలను చూసింది. సగానికి పైగా రంగు తేలినవి ఏడో ఎనిమిదో ఉన్నాయి. చూస్తూ చూస్తూనే అడిగింది.

"మరిది చెప్పిండు, పోతదని రెండు నెలల సంది మీకు ఎర్కనట. నా చెల్లెకు ఎర్కనా?"

లేదనో, ఏమో అనో అని తప్పించుకోవచ్చు. అప్పటికి రెండు నెలలుగా నాకు అన్నం సయించడం లేదు. ఎవరో ఒకరికి చెప్పాలి.

"నన్ను అడిగిందక్కా. ఒక పని ఉన్నది, టైం ఉన్నదా అని అడిగింది. శానా ఉన్నదని చెప్పిన. ఆ పని నువ్వే. ఆ మాట ఎనుకకు తీసుకోవాలె అన్నది. నీ దగ్గరికి రావాలనుకున్నది. సెలవులల్ల వద్దామనుకున్నది."

ఆమె కళ్లు మూసుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు ఎవ్వరన్న చెప్తే నేనే వద్దును గద తమ్మీ. నడిచన్న వద్దును. దానికి దమ్ము లేకపోతే నాకు లేదా?"

మెల్లగా చెప్దామనుకున్నామక్కా అని గొణిగాను. ఆ మాట నాకే అసహ్యంగా వినిపించింది.

"నువ్వు ఏం పని చేస్తవు?"

"బాయి మీదక్కా. ల్యాంపు రూముల."

ఆమె తల తిప్పి మొదటిసారి నా మొహం నిదానంగా చూసింది.

"మా నాయన గూడ బెల్లంపల్లిల బాయి దిగేటోడు" అంది. "ఇంటికొచ్చి చెప్పేటోడు, ల్యాంపు రూమోడు ఏది దాచడు బిడ్డా అని. ఎన్ని గంటలు వస్తదో కిటికీ కాడనే చెప్తడట. దాన్ని బట్టే లోపట ఎంత దూరం పోవాల్నో, ఎప్పుడు ఎనుకకు మర్లాల్నో చూసుకునేటోడట."

కోపంతో అనలేదు. తండ్రి గుర్తుకొచ్చి అంది, అంతే. నేను నీళ్లు పోయడానికి తెచ్చిన చెంబు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. టైమరు ప్రకారం లైటు ఆరిపోయాక ఆమె లేచి, బస్సు వేళైందని చెప్పి వెళ్లిపోయింది.

కొన్ని నెలలకు ఎలక్ట్రీషియన్ ఇంకో ఏరియాకు బదిలీ చేయించుకుని పోయాడు. పోతూ తొట్టి నాకిచ్చాడు. వద్దన్నాను, దానికి నేను తగనన్నాను. "ఇంకెవలకు ఇయ్యాలన్నా, లైటు సంగతి నీకే గద ఎర్క" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అన్నాడు. ఇప్పుడు మరలు యాభై మీద ఉన్నాయి. తొట్టి మొత్తం గుండీలే, చేపలు దాక్కోవడానికి రాయి కనబడనంతగా పెరిగాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు. నేను లేచి లోపలికి పోతాను.

ఆమెను సమాధి చేసిన నాలుగో రోజు మళ్లీ డ్యూటీకి పోయాను. మొదటి షిఫ్టు. కిటికీ తెరిచేసరికి అప్పటికే లైను ఉంది. ముందున్న మనిషి బిళ్ళ ఇచ్చాడు. నేను ల్యాంపు వెలిగించి చూసి అతని చేతిలో పెట్టాను. ఎప్పుడూ చెప్పే గంటలు చెప్పకుండా తర్వాతి మనిషి బిళ్ళ కోసం చెయ్యి చాచాను. అతను ల్యాంపు టోపీకి తగిలించుకుని రెండడుగులు వేసి, ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి తిరిగాడు.

"ఎన్ని గంటలు వస్తది కాకా?"

పన్నెండు గంటలు బిడ్డా అని చెప్పాను. చెప్పడానికి అంత సేపే పట్టింది.